పశురోగ ప్రయోగశాలకు కంచె ఎట్లా పడింది



గాలికుంటు టీకా వేయడానికి గోపాలమిత్ర మన కొట్టానికి వస్తాడు. మంచుగడ్డల పెట్టెలోంచి సీసా తీస్తాడు, సూదిలోకి మందు ఎక్కిస్తాడు, బర్రెకు వేసి వెళ్ళిపోతాడు. ఆ మందు ఎక్కడ పుట్టింది, ఎట్లా పుట్టింది అని మనం సాధారణంగా ఆలోచించము. గాలికుంటు టీకా తయారు కావాలంటే ముందు గాలికుంటు క్రిమిని పెంచవలెను. ఒక పశువు ఒంట్లో ఉన్నంత చాలదు. పెద్ద పెద్ద ఉక్కు పాత్రలలో లీటర్ల కొద్దీ పెంచవలెను. ఆ తరువాత దానిని చంపి, చచ్చిన క్రిమితో టీకా చేస్తారు. అనగా రోగాన్ని ఆపే చోటనే రోగపు విత్తనం అన్ని చోట్లకన్నా ఎక్కువగా నిలవ ఉంటుంది. అక్కడ కాపలా తప్పితే కంచే చేను మేసినట్లవుతుంది.

ప్రయోగశాలల చుట్టూ ఉన్న ఈ కాపలా ఒక్క రోజులో వచ్చినది కాదు. ఎక్కడెక్కడ విరిగిందో అక్కడక్కడ ఒక్కొక్క కొయ్య పాతుకుంటూ నూరేళ్ళకు పైగా కట్టిన కంచె అది. దాని కథ చెప్పి, ఆ కంచె గట్టిదో కాదో ఎట్లా చూడాలో చెప్పడం ఈనాటి ప్రసంగం ఉద్దేశం. నేను వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణే గాని పశువైద్యుణ్ణి కాను. కాబట్టి రైతుకు పనికివచ్చే మేరకే చెబుతాను.

ఇదంతా మాకెందుకండీ అని మీరడగవచ్చును. మన తెల్లాపూర్ సంగతే చూడండి. నిన్నమొన్నటి దాకా జొన్నచేలు, చెరువు కింది మళ్ళు, గొర్రెల మందలు ఉన్న ఊరు. 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరింది, 2018లో మునిసిపాలిటీ అయింది. ఈనాడు ఇరవై ముప్పై అంతస్తుల మేడల నీడలో కూడా అక్కడక్కడ బర్రెల కొట్టాలు కనిపిస్తాయి. పక్కనే గోపన్‌పల్లిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఉన్నది. అది 2010లో ఏర్పడింది. ఇంకొంచెం ముందుకు పోతే గచ్చిబౌలిలో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉన్నది. దానిని 1982లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ స్థాపించింది. గాలికుంటు టీకా అక్కడ తయారవుతుంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల, శాంతినగర్‌లో పశువుల టీకాల సర్కారు సంస్థ ఉన్నవి. దేశంలో పశువుల మందులకు, పరిశోధనకు పేరుపడ్డ చోట్లలో మన ప్రాంతమొకటి. కనుక ఈ కంచె సంగతి తెలుసుకోవలసిన హక్కు అందరికన్నా మనకే ముందున్నది.

ఇందులో రెండు మాటలు వినబడుతూ ఉంటాయి. బయోసేఫ్టీ అనగా జీవభద్రత: లోపల పనిచేసే మనిషికి రోగం అంటకుండా, క్రిమి పొరపాటున బయటికి రాకుండా చూసుకోవడం. బయోసెక్యూరిటీ అనగా జీవకాపలా: ఆ క్రిమి సీసాలు ఎవరి చేతనో పడకుండా, లెక్క తప్పకుండా తాళం వేసి ఉంచడం. ఒకటి పొరపాటుకు అడ్డు, రెండోది దొంగకు అడ్డు అని గుర్తు పెట్టుకుంటే చాలును.

ఇక కథలోకి వద్దాము. పూర్వం మన పశుసంపదను ఊడ్చిపెట్టిన రోగం ముసర. పశువుకు తీవ్రమైన జ్వరం, నోట పుండ్లు, పారుడు, కొద్ది రోజుల్లో చావు. ఊళ్ళకు ఊళ్ళు కాడి కట్టడానికి ఎద్దు లేక పడావు పడేవి. అప్పటి ప్రభుత్వం ఈ రోగంపై విచారణకు ఒక సంఘాన్ని వేసింది. 1889లో పూనాలో పశువ్యాధి క్రిములను పరిశోధించే శాల పెట్టారు. ఆల్‌ఫ్రెడ్ లింగార్డ్ దానికి పెద్ద. నాలుగేళ్ళు తిరగకుండానే, 1893లో, ఆ శాలను హిమాలయాలలో కుమావూఁ కొండలపై ముక్తేశ్వర్‌కు మార్చారు. అది ఏడు వేల అడుగులకు పైన, అడవి మధ్య ఉన్న చోటు. చలి ఉంటుంది, చుట్టూ పశువులు తక్కువ. ముసర క్రిమితో పనిచేసేటప్పుడు అది జారినా మైదానంలోని మందలకు చేరదని వారి ఆలోచన. ఆనాటికి తెలిసిన కంచె ఒక్కటే: దూరం.

జర్మనీలోనూ అదే దారి తొక్కారు. గాలికుంటుకు కారణం సూక్ష్మదర్శినికి కూడా అందని క్రిమి అని 1898లో లోఫ్లర్, ఫ్రోష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చాటారు. పశువులకు వచ్చే రోగాల్లో వైరస్ అని తేలిన మొదటిది అదే. కాని లోఫ్లర్ ప్రయోగశాల ఉన్న గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణం చుట్టుపక్కల పశువులకే గాలికుంటు సోకింది. 1907లో అధికారులు అక్కడ పని ఆపించారు. 1910లో ఆయన రీమ్స్ అనే చిన్న దీవికి పోయి మళ్ళీ పని మొదలుపెట్టాడు. తరువాత డెన్మార్కు వారు లిండ్‌హోల్మ్ దీవిని, అమెరికావారు 1954లో ప్లమ్ దీవిని ఇదే పనికి ఎంచుకున్నారు. ఇక్కడ కొండ, అక్కడ సముద్రం. రెండూ దూరానికి రూపాలే.

అయితే దూరం అనే కంచె నిలవదు. రోగం ఉన్నచోటికి మందు చేరాలి, మందు చేసేచోటికి మనుషులు, రోడ్లు, కరెంటు, నీరు చేరాలి. ముక్తేశ్వర్ కొండ సరిపోక 1913లోనే మైదానంలో బరేలీ దగ్గర ఇజత్‌నగర్‌లో రెండో శాల తెరవవలసి వచ్చింది. గచ్చిబౌలి చూడండి. టీకా కర్మాగారం పెట్టిన రోజుల్లో అక్కడ గుట్టలు, బండలు, పడావు భూములే ఉండేవి. పట్నమే దానిని వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు దానిని ఇంకో ముప్పై మైళ్ళు జరపమనేవారు ఉండవచ్చును. కాని ఆ ముప్పై మైళ్ళు దాటి పోవడానికి మేడలకు ఎన్నేళ్ళు పడుతుంది? అక్కడ మాత్రం రైతులు, పశువులు లేరా? అందువల్ల దూరం పోయిన తరువాత కాపాడవలసినది పద్ధతి. ఆ పద్ధతి నేర్పినవి నాలుగు పాఠాలు.

మొదటి పాఠం టీకా సీసాలోనిది. చాలాకాలం గాలికుంటు క్రిమిని ఫార్మలిన్‌తో చంపి టీకా చేసేవారు. యూరపులో ఏటేటా టీకాలు వేస్తున్నా అప్పుడప్పుడు రోగం తలెత్తుతూనే ఉండేది. బయటి నుండి వచ్చి ఉంటుందని అనుకునేవారు. 1987లో జర్మన్ పరిశోధకులు ఆ రోగాల్లోని వైరస్‌ను, టీకాకు వాడే వైరస్‌ను పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. చాలా సందర్భాల్లో రెండూ ఒకటే జాతి. అనగా కొంత క్రిమి చావకుండానే టీకాలో మిగిలింది, లేదా తయారీ శాల నుండే జారింది. ఇప్పుడు ఫార్మలిన్‌కు బదులు బి.ఇ.ఐ. అనే మందుతో క్రిమిని చంపుతున్నారు. చంపిన తరువాత నిజంగా చచ్చిందా అని ప్రతి విడతనూ పరీక్షించి గాని సీసాలకెత్తరు.

రెండో పాఠం మురుగు కాలువది. ఇంగ్లండులో పిర్‌బ్రైట్ అనే చోట గాలికుంటుపై ప్రపంచంలోనే పేరుపడ్డ పరిశోధనాలయం, దాని ఆవరణలోనే ఒక టీకా కర్మాగారం ఉండేవి. 2007 ఆగస్టు 3న దగ్గరలోని పొలంలో పశువులకు గాలికుంటు బయటపడింది. వైరస్‌ను పరీక్షిస్తే అది ఊళ్ళలో తిరిగే జాతి కాదు. 1967 నుండి ప్రయోగశాలల్లో వాడుకలో ఉన్న జాతి. విచారణలో తేలిన సంగతి ఇది. లోపలి నుండి వచ్చే మురుగును ముందు ఆమ్లంతో, చివర క్షారంతో శుద్ధి చేసేవారు. కాని ఆ రెంటికీ మధ్య ఉన్న పాత గొట్టాలకు పగుళ్ళు పడ్డాయి. జూలైలో భారీ వానలు కురిసి నేల ఊరింది. ఆవరణలో కట్టడం పనికి వచ్చిన బండ్ల చక్రాలకంటిన మట్టి రోడ్డెక్కింది. గొట్టాలు పాతబడ్డాయని ముందే తెలుసు. బాగుచేసే ఖర్చు ఎవరు భరించాలన్న మాట తెగక పని వాయిదా పడింది. గాలి వడకట్టే యంత్రాలు, లోపలి గదులు, చదువుకున్న సిబ్బంది అన్నీ ఉన్నా ఒక గొట్టం మరమ్మతు కొంప ముంచింది. ఆ ఏడు మొత్తం ఎనిమిది చోట్ల మందలకు రోగం తగిలింది. 2001లో అదే రోగానికి అరవై లక్షలకు పైగా పశువులను చంపుకున్న దేశం గనుక వెంటనే రాకపోకలు బంద్ చేసి అదుపులోకి తెచ్చారు.

మురుగు కాలువ అంటే ఏమిటో పటాన్‌చెరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. నక్కవాగు ఎట్లా పాడయిందో, దాని ఒడ్డున పొలాలు, బావులు, గొడ్లు ఎట్లా దెబ్బతిన్నాయో, 1990లో వ్యాజ్యం సుప్రీం కోర్టు దాకా పోవలసి ఎట్లా వచ్చిందో మన పెద్దలెరుగుదురు. అది కర్మాగారాల రసాయనాల సంగతి; పశురోగ ప్రయోగశాలలకు దానితో సంబంధం లేదు. కాని నీతి ఒక్కటే. లోపల ఏమి చేస్తున్నారో కాగితం చెబుతుంది, బయటికి ఏమి పోతున్నదో కాలువ చెబుతుంది.

మూడో పాఠం గాలిది. చైనాలో లాన్‌జౌ నగరంలో బ్రుసెల్లా టీకా చేసే కర్మాగారం ఉండేది. బ్రుసెల్లా అనగా మన ఆవులను, బర్రెలను ఈడ్చుకునేలా చేసే రోగం. మనిషికి సోకితే విడవని జ్వరం, కీళ్ళనొప్పులు వస్తాయి. 2019 జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ గడువు దాటిన క్రిమిసంహారక మందు వాడారు. బయటికి వదిలే గాలిలో క్రిమి చావలేదు. గాలివాలున ఉన్నది మరెవరో కాదు, పశువైద్య పరిశోధనా సంస్థే. నవంబరులో అక్కడి విద్యార్థులకు, ఉద్యోగులకు రోగం కనిపించింది. 2020 చివరికి ఆ నగరంలో పది వేలకు పైగా మనుషుల రక్తంలో దాని జాడ తేలింది. పేలుడు లేదు, దొంగ లేడు. డబ్బామీది తారీఖు ఎవరూ చూడలేదు. పురుగుమందు డబ్బామీద గడువు చూసి కొనండి అని రైతుకు మేము ఏటా చెబుతాము. ఆ మాట పెద్ద కర్మాగారానికీ వర్తిస్తుంది.

నాలుగో పాఠం సీసాల లెక్కది. ఇది మళ్ళీ ముసర కథ. మన దేశంలో 1954లో ప్రయోగంగా మొదలై, తరువాత ఊరూరా సాగిన టీకాల ఉద్యమం ఫలితంగా 1995 తరువాత ముసర కనబడలేదు. 2006లో భారతదేశానికి ఆ రోగం నుండి విముక్తి ప్రకటించారు. 2011లో ప్రపంచమంతటికీ ప్రకటించారు. మనుషుల మశూచి తరువాత భూమి మీద నుండి తుడిచిపెట్టిన రోగం ఇదొక్కటే. కాని రోగం ఊళ్ళల్లో చచ్చింది గాని సీసాల్లో బతికే ఉన్నది. ఇప్పుడు పుట్టే దూడల్లో దేనికీ ముసరను తట్టుకునే శక్తి లేదు, టీకా వేయడం ఎప్పుడో మానుకున్నాము. అటువంటప్పుడు ఏదో మూల ఫ్రీజరులో చీటీ చెదిరిపోయిన ఒక్క సీసా పగిలినా ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే ఆ సీసాలు ఏ దేశంలో, ఏ శాలలో ఉన్నాయో లెక్క తీసి, కొన్నిటిని ధ్వంసం చేసి, మిగిలినవాటిని గట్టి కాపలా ఉన్న కొద్ది చోట్లకే పరిమితం చేస్తున్నారు. పిర్‌బ్రైట్ వారు తమ నిలవలను 2019లో ధ్వంసం చేశారు. మన దేశంలో భోపాల్‌లోని పశువ్యాధుల ఉన్నత భద్రతా ప్రయోగశాలకు 2025 మే నెలలో ముసర క్రిమిని భద్రపరచే స్థావరంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. ఇది గౌరవమే, దానితోపాటు బాధ్యతా పెద్దదే.

ఈ పాఠాలన్నీ కలిసి చట్టాలుగా, నియమాలుగా మారినవి. 1986 నాటి పర్యావరణ చట్టం కింద 1989లో ప్రమాదకర సూక్ష్మజీవుల నియమాలు వచ్చాయి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం క్రిమితో పనిచేసే ప్రతి సంస్థా దానిని బయటికి జారనివ్వరాదని, జారితే వెంటనే హెచ్చరించి తెలియజేయవలెనని చెబుతున్నది. 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నియమాలు పశువుల దవాఖానాలకు కూడా వర్తిస్తాయి. ప్రయోగశాలలను ప్రమాదాన్ని బట్టి ఒకటి నుండి నాలుగు మెట్లుగా విభజించారు. మూడో మెట్టులో గది గాలి ఎప్పుడూ బయటనుండి లోపలికే పోవాలి, బయటికి పోయే గాలిని సన్నని వడపోతగుండా పంపాలి. వ్యర్థాలను ప్రెషర్ కుక్కరు వంటి పెద్ద యంత్రంలో 121 డిగ్రీల ఆవిరిమీద ఉడికించాలి.

మరి ఒక ప్రయోగశాల భద్రతను ఎట్లా విలువ కట్టాలి? సాధారణంగా తనిఖీకి వచ్చినవారు యంత్రాలు లెక్కపెడతారు. ఎన్ని ఫ్రీజర్లు, ఎన్ని గాజుపెట్టెలు, ఎంతమంది సిబ్బంది అని రాసుకుంటారు. పైన చెప్పిన పాఠాలు చూస్తే ఏ ఒక్కటీ యంత్రం లేక జరిగినది కాదు. ఉన్నదాన్ని చూసుకోకపోవడం వల్ల జరిగినవే. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు వేరు.

క్రిమిసంహారక మందు గడువు ఎవరు చూస్తారు, చూసినట్లు సంతకం ఉన్నదా? ఆవిరి యంత్రం నిజంగా క్రిమిని చంపుతున్నదని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? గాలి వడపోతలు ఏడాదికొకసారైనా పరీక్షకు వచ్చాయా? మురుగు గొట్టాలను తవ్వి ఎప్పుడు చూశారు, మంజూరు కాక ఆగిన మరమ్మతులు ఎన్ని? కరెంటు పోతే లోపలి గాలి ఎటు పోతుంది, జనరేటరు ఎన్ని క్షణాల్లో అందుకుంటుంది? ఫ్రీజరులో సీసాలు, పుస్తకంలో సీసాలు ఒకటేనా? గాలికుంటు గదిలో పనిచేసినవారు ఆ తరువాత కొన్నాళ్ళపాటు పశువుల దగ్గరికి పోరాదన్న నియమం పాటిస్తున్నారా? చివరిది, ముఖ్యమైనది: పొరపాట్లు రాసే పుస్తకం ఉన్నదా? ఏళ్ళ తరబడి ఒక్క పొరపాటూ రాయని పుస్తకం మంచి గుర్తు కాదు. సూది గుచ్చుకున్నది, గాజు పగిలింది అని సిబ్బంది భయం లేకుండా రాసే చోటే భద్రమైన చోటు. శిక్ష పడుతుందని దాచిన చోట రోగం ముందు నడుస్తుంది, వార్త వెనుక నడుస్తుంది.

ఈ లెక్కలు నాలుగు గోడల మధ్య ఉండిపోతే చాలదు. చుట్టుపక్కల ఊళ్ళ ప్రజాప్రతినిధులకు, పశువైద్యాధికారికి ఏడాదికొకసారి వీటి సారాంశం తెలియవలెనని నా మనవి. ప్రయోగశాలలు వద్దనడం మన పని కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం గాలికుంటు, బ్రుసెల్లా నివారణకు జాతీయ పథకం మొదలుపెట్టింది. ప్రయోగశాల లేనిదే టీకా లేదు, టీకా లేనిదే పాడి లేదు. మనం కోరేది నమ్మకం. నమ్మకానికి ఆధారం చూపమనడం తప్పు కాదు.

అయితే కంచె చివరి కొయ్య మన కొట్టంలోనే ఉన్నదని మరువరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళు చచ్చినప్పుడు నమూనాలు భోపాల్‌కు పోయాయి, అక్కడ బర్డ్ ఫ్లూ అని తేలింది. అంత దూరం పోయే నమూనా దారిలో కారితే ఏ ప్రయోగశాల గోడా కాపాడదు. గొట్టం గట్టిగా బిగించి, దూది చుట్టి, కారని డబ్బాలో పెట్టి, దానిని మంచు పెట్టెలో పెట్టి, మూడు పొరలుగా కట్టాలి. ఇది పశువైద్య సిబ్బంది చేయవలసిన పని, రైతు చేయరాదు.

రైతు చేయవలసినవి ఇవి. పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుండి, గుదమునుండి గడ్డకట్టని నల్లని రక్తం కారితే అది దొమ్మ కావచ్చును. ఆ కళేబరాన్ని కోయరాదు, తోలు ఒలవరాదు. కోస్తే క్రిమి గాలి తగిలి గింజకట్టి, ఏళ్ళ తరబడి నేలలో బతుకుతుంది. దవాఖానకు కబురు చేయండి. వారు చెవినుండి చుక్క రక్తం తీసుకుంటారు. కళేబరాన్ని లోతుగా గోయి తీసి సున్నం చల్లి పూడ్చండి. గాలికుంటు వచ్చిన కొట్టాన్ని లీటరు నీటికి 40 గ్రాముల చాకలిసోడా కలిపి కడగండి. ఈడ్చుకున్న పిండాన్ని, మాయను వట్టి చేతులతో తీయకండి, కుక్కలకు వేయకండి. పాలు కాచి తాగండి.

టీకాలు వేసే సోదరులకు ఒక ప్రత్యేక మాట. బ్రుసెల్లా టీకాలో ఉన్నది బతికున్న క్రిమి. నాలుగు నుండి ఎనిమిది నెలల ఆడదూడలకే వేయండి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు పెట్టుకోండి. సూది గుచ్చుకున్నా, మందు కంట్లో పడినా దాచుకోక వెంటనే డాక్టరు దగ్గరికి పోయి, ఏ టీకానో పేరు చెప్పండి. ఖాళీ సీసాలు, సూదులు చెత్తకుప్పలో వేయకుండా దవాఖానకు తిరిగి ఇవ్వండి. మీ సంచి కూడా ఒక చిన్న ప్రయోగశాలే.

ముక్తేశ్వర్ కొండ మీద దూరాన్ని నమ్ముకున్న రోజులు పోయాయి. ఇప్పుడు గోపన్‌పల్లి గోడకు, తెల్లాపూర్ కొట్టానికి మధ్య ఒక రోడ్డు దూరమే. ఆ రోడ్డుకు అటువైపు వారు తారీఖులు చూసి, గొట్టాలు బాగుచేసి, లెక్కలు చూపాలి. ఇటువైపు మనం రోగాన్ని దాచకుండా, కళేబరాన్ని కోయకుండా, టీకా తప్పించకుండా ఉండాలి. రెండువైపులా నిలబెడితేనే కంచె నిలుస్తుంది.

ఇక సెలవు.